పరదేశమున టమాటా డబ్బా: ‘మంచిది’ యనుట కర్థమేమి?

మనుష్యుడు తాను పుట్టి పెరిగిన దేశమును విడిచి వేరొక దేశమున కాపురము పెట్టినప్పుడు అతనికి ఎదురగు ప్రశ్నలు మిక్కిలి గొప్పవని మనము తలంతుము. భాష యెట్లు? కొలువెట్లు? పిల్లల చదువెట్లు? ఇవి గొప్ప ప్రశ్నలే. వీని కుత్తరము చెప్పుటకు కార్యాలయములు కలవు, బంధుమిత్రులు కలరు, అచ్చుపత్రములు కలవు. కాని వంటయింట పొయ్యి వెలిగించినప్పుడు పుట్టు ప్రశ్నలకు ఉత్తరము చెప్పువారు అరుదు. ‘ఈ యూరిలో మంచి టమాటాలు ఎక్కడ దొరకును? తాజావి బాగుగ లేనిచో డబ్బాలోనివి కొనవచ్చునా? కొన్నచో ఏది మంచిది?’ అనునది అట్టి ప్రశ్న. వినుటకిది అల్పము. అయినను అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలును గదా! ఈ చిన్న ప్రశ్నలో ‘మంచిది’ అను మాటను మనమే యర్థమున వాడుచున్నామో, ఆ యర్థము సరియైనదో కాదో విచారింప నెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా కాగితములు పరిశీలించి విశ్రాంతి పొందినవాడను. బరంపురమున మా కుటుంబము నాలుగు తరములుగ నున్నది. మా కుమార్తె వివాహానంతరము భర్తతో ఇంగ్లండులోని లీడ్సు నగరమునకు పోయి అచ్చట స్థిరపడినది. నేనును నా భార్యయు ఒక శీతకాలము వారి యింట గడపితిమి. ఆ దినములలో టమాటాను గూర్చి ఆ యింట నాలుగు అభిప్రాయములు వినవచ్చినవి. “మన టమాటా ఇక్కడ దొరకదు. దొరకనిదానికై ప్రాకులాడనేల? టమాటా పప్పు మాని ఈ దేశపు వంటనే అలవరచుకొందము” అని మా అల్లుడు. “బరంపురమునుండి టమాటా ఒరుగులును పచ్చడియు నేను పంపెదను. మనది కానిది పిల్లవానికి పెట్టవద్దు” అని నా భార్య. “డబ్బా యన్న తరువాత అన్నియు నొక్కటే. చేతికందినది కొనుడు” అని అప్పుడప్పుడు వచ్చిపోవు ఒక తెలుగు మిత్రుడు. మా కుమార్తె మాత్రము “వెదకి చూచెదను నాన్నగారూ” అని యూరకుండెను. లోకమున పరదేశమునకు పోయినవారందఱును ఈ నాలుగు త్రోవలలో నేదో యొకదానిని పట్టుచున్నారు. టమాటా విషయముననే గాదు, భాష, ఆచారము, పండుగ, పెండ్లి అన్నిటను అంతే.

ముందుగ వస్తుతత్త్వమును తెలిసికొందము. ఇంగ్లండున డిసెంబరు మాసమున సాయంకాలము 4 గంటలు కాకమునుపే ప్రొద్దు గ్రుంకును. ఆ దినములలో అంగళ్లయందు ఎఱ్ఱగ నిగనిగలాడు టమాటాలు అచ్చటి పొలములలో ఆరుబయట పండినవి కావు. స్పెయిను, మొరాకో మున్నగు దేశములనుండి వచ్చునవి కొన్ని, గాజుటిండ్లలో పెంచినవి కొన్ని. దూరప్రయాణమున చితికిపోకుండుటకై కాయ పూర్తిగ పండకమునుపే కోయుట పరిపాటి. రంగు తరువాత వచ్చును. మొక్కపై పండిన పండునకు గల తీపియు, పులుపును, వాసనయు దాని వెంట రావు. డబ్బాలోని టమాటా కథ వేరు. ఇటలీ దేశమున ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఎండకు బాగుగ పండిన పండ్లను కోసి, కర్మాగారమునకు చేర్చి, ఆవిరితో తోలు వదలించి, టమాటా రసముతో గూడ డబ్బాలో నింపి, మూత బిగించి, వేడి చేయుదురు. కావున జనవరి మాసపు లీడ్సులో ‘తాజా’ యనబడునది తఱచుగ పచ్చిగ నుండగనే కోసినది. ‘నిలువ’ యనబడునది పండిన పిదప కోసినది. పేరునుబట్టి గుణము నిర్ణయించువాడు ఇచ్చట మొదటనే మోసపోవును.

ఆహారమును బంధించి నిలువయుంచు ఈ విద్య అంత పాతది గాదు. నికొలాస్ అప్పర్ అను ఫ్రెంచి వంటవాడు ఆహారమును సీసాలలో బిగించి వేడిచేయు పద్ధతిని కనుగొని, 1810లో తన ప్రభుత్వమునుండి 12,000 ఫ్రాంకుల బహుమానము పొందెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో పీటర్ డురాండు రేకుడబ్బాకు పేటెంటు పొందెను. 1856లో ఫ్రాన్‌చెస్కో చిరియో ఇటలీలోని టూరిన్ నగరమున కూరగాయలను డబ్బాలకెత్తు పని మొదలుపెట్టెను. మొదట ఈ డబ్బాలు సైనికులకును నావికులకును ఉపయోగపడినవి. అటుపిమ్మట వలసపోయినవారికి ఉపయోగపడినవి. 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది మొదటను లక్షలకొలది దక్షిణ ఇటలీ ప్రజలు అమెరికాకు వలసపోగా, వారి దేశపు టమాటా డబ్బాలును వారి వెనుక సముద్రము దాటెను. వెసూవియస్ అగ్నిపర్వతమునకు చేరువ నేలలో పండు సాన్ మార్జానో టమాటాకు 1996లో ఐరోపా సమాజము స్థలనామ రక్షణ యిచ్చినది. అయినను ఆ రక్షణముద్ర లేకయే ఆ పేరు ధరించిన డబ్బాలు అమెరికా అంగళ్లలో కలవు. ఇల్లు విడిచినవాని మనస్సు పేరునకే లొంగునని వర్తకులకు తెలియును. కనుక మన పిల్లలు నేడు పడు వెదుకులాట క్రొత్తది గాదు. మనకు మునుపు ఎందఱో పడినదే.

ఇక మా కుమార్తె వెదకిన విధము చెప్పెదను. ఆమె ఆరు విధముల డబ్బాలు తెచ్చి, ఆరు ఆదివారములు అదే కొలత కందిపప్పుతో, అదే పోపుతో టమాటా పప్పు వండి, ఒక్కొక్కదాని గుణము ఒక పుస్తకమున వ్రాసికొనెను. అచ్చులోని చిన్న అక్షరములు చదువుట నా వృత్తిధర్మము గనుక డబ్బాలపై వ్రాత చదువు పని నాకు పెట్టెను. అందు తేలిన సంగతులు ఇవి. ముక్కలు కోసి నింపిన డబ్బాలలో కొన్నిటియందు కాల్షియం క్లోరైడు కలుపుదురు. ముక్క చెదరకుండుటకు అది సాధనము. కాని పప్పులో ముక్క కరగవలెను గదా! అట్టిది ఎంత ఉడికించినను పంటి క్రింద ముక్కగనే నిలుచును. తోలు తీసిన నిండుపండ్ల డబ్బాలలో సాధారణముగ అది యుండదు. చేతితో చిదిపిన చాలును. నిండుపండ్ల 400 గ్రాముల డబ్బాపై రసము వడగట్టిన పిదప బరువు 240 గ్రాములని వ్రాయుట వాడుక. మిగిలినది రసమే. ఆ రసమును పాఱబోయక చారునకు ఉంచవలెను. నిమ్మ ఉప్పు చేర్చినట్లు వ్రాసియున్నచో చింతపండు తగ్గింపవలెను. ఉప్పు కలిపిన దానికి ఉప్పు చూచి వేయవలెను. పులుపు తగిలిన పప్పు ఉడుకుటకు మొరాయించును గనుక పప్పు మెత్తబడిన పిదపనే టమాటా చేర్చవలెను. ఉబ్బిన డబ్బా ఎంత చౌకయైనను కొనరాదు. విప్పిన తరువాత మిగిలినది రేకులో నుంచక గాజుపాత్రలోనికి మార్చవలెను.

ఆఱవ ఆదివారము నాటికి పప్పునకు ఒకటియు, చారునకు ఒకటియు నిర్ణయమైనవి. పచ్చడికి మాత్రము ఏ డబ్బాయు పనికిరాదనియు, దానికి వేసవిలో అచ్చటి తోటలలో పండునవే తగుననియు పుస్తకమున వ్రాసెను. ఆ పప్పు బరంపురపు సంతలో దొరకు నాటు టమాటా పప్పువలె నుండెనా? లేదు. మన నాటు టమాటాలోని చుఱుకైన పులుపు దానికి లేదు. అది బాగుండెనా? బాగుండెను. ఈ రెండు ప్రశ్నలును వేర్వేరని గ్రహించుటయే ఈ వ్యాసమున నేను చెప్పదలచిన ముఖ్యవిషయము. ‘మనదానివలె నున్నదా?’ యని యడుగుట సాదృశ్యమును గూర్చిన ప్రశ్న. ‘మంచిదా?’ యని యడుగుట గుణమును గూర్చిన ప్రశ్న. ఇల్లు విడిచినవాడు మొదటి ప్రశ్నకు వచ్చిన ఉత్తరమును రెండవ ప్రశ్నకు ఉత్తరముగ పొరబడుచున్నాడు.

ఇప్పుడు నాలుగు త్రోవలను తూచి చూతము. మానివేయుదమనువాడు పైకి వివేకివలె కనబడును. కాని ‘దొరకదు’ అను మాట అతడు వెదకి చెప్పినది గాదు. ఒక వంటకమును విడుచుట తప్పు గాదు. వెదకకయే విడుచుట సోమరితనము. అట్లు విడిచినవి పదియైన పిదప విడుచుటయే అలవాటగును. ఊరినుండియే తెప్పించుకొందుమనువారి ప్రేమను నేను తక్కువ చేయను. తల్లి పంపిన పొట్లములో వస్తువు మాత్రమే యుండదు. అయినను పొట్లము మీదనే ఆధారపడినవాడు ఉన్నయూరిలో అతిథిగనే మిగిలిపోవును. తల్లి పంపలేని నాడు ఆ వంట ఆ యింట నిలువదు. అన్నియు నొక్కటే యనువాడు ఓర్పుగలవాడుగ తోచును. కాని భేదములను చూడ నిరాకరించుట ఓర్పు గాదు, ఉపేక్ష. వెదకువాడు మాత్రము రెండు మర్యాదలు పాటించుచున్నాడు. తన వంట విలువైనదని నమ్ముచున్నాడు గనుకనే దానికై శ్రమించుచున్నాడు. క్రొత్త దేశమునను మంచివస్తు వుండునని నమ్ముచున్నాడు గనుకనే అచ్చట వెదకుచున్నాడు. ఈ రెండు నమ్మకములలో ఏది లోపించినను వెదుకులాట లేదు.

ఇచ్చట ఒక గట్టి ఆక్షేపణ కలదు. ‘ఇటలీ టమాటాతో పప్పు, మఱియొక దేశపు నూనెతో పోపు. ఇట్లు వస్తువు లన్నియు మారిన పిదప మనదని చెప్పుట కేమి మిగిలెను?’ అని పెద్దలు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. కాని మనదనుకొను టమాటా మాత్రము ఎచ్చటిది? అది అమెరికా ఖండమునుండి వచ్చినది. మెక్సికో ప్రాచీనుల ‘టొమాటల్’ అను మాటయే నేటి పేరునకు మూలము. 1544లో మత్తియోలి అను ఇటలీ వైద్యుడు తన గ్రంథమున దానిని పేర్కొనెను. ఇటలీవారు దానికి ‘బంగారు పండు’ అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. మన గంజాము, విశాఖ ప్రాంతముల పెద్దలు రామములగ యనిరి. మా యూరి ఒడియా సోదరులు బిలాతి బైగొణొ, అనగా సీమ వంకాయ యని పిలుతురు. ఎన్నో తరములుగ ఇచ్చటనే పండుచున్నను పేరులో ‘బిలాతి’ పోలేదు. మిరపకాయయు అమెరికానుండి వచ్చినదే. చింతచెట్టునకును ఆదిస్థానము ఆఫ్రికా యని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ మూడును తీసివేసి మన భోజనమును ఊహింపుడు!

ఈ మాట సరిహద్దులకీవల నివసించు మన తెలుగు కుటుంబములకు సులభముగ బోధపడవలెను. మన పూర్వులు బర్మాకు పోగా, కోరంగి రేవు పేరునుబట్టి అచ్చటివారు వారిని ‘కొరంగీలు’ అనిరి. టమాటాకు ‘బిలాతి’ యెట్లో వారికి ఆ పేరట్లు. మా తాతగారైతే ఎక్కడికిని పోలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా రాష్ట్ర మేర్పడి బరంపురము మద్రాసు రాజధానినుండి అందులోనికి మారినది. ఇల్లు కదలలేదు, దేశమే కదలినది. నాటినుండి మా పిల్లలు బడిలో ఒడియా చదివిరి, ఇంట తెలుగు పలికిరి. మా మాటలలో ఒడియా పదములు చేరినవి. అయినను మాది తెలుగు గాదని చెప్పగలవారెవరు? వస్తువులు మారుచుండును, పదములు వచ్చి చేరుచుండును. వానిని కలుపు పాళ్లు, పోపు పెట్టు క్రమము, వాక్యమును కూర్చు పద్ధతి, వడ్డించుచు పిలుచు పిలుపు, ఇవి నిలిచినంతకాలము ఆ వంట మనదే, ఆ మాట మనదే.

అట్లని నష్టమేమియు లేదని నేను చెప్పను. మా మనుమడు మొన్న బరంపురమునకు వచ్చినప్పుడు ఇచ్చటి టమాటా పప్పు తిని “అమ్మమ్మా, ఇది చాలా పుల్లగా ఉంది. మా ఇంటి పప్పే బాగుంటుంది” అనెను. నా భార్య మొగము చిన్నబోయినది. ఆమెకు అసలైనది వానికి వింతయైనది. డబ్బాతో వండినది వానికి అసలైనది. ఇది నష్టమే. దానిని నష్టమని యొప్పుకొనుటయే మర్యాద. అయినను ఆలోచింపుడు. వాడు ‘మా ఇంటి పప్పు’ అనెను. తెలుగులో ననెను. మా కుమార్తె ఆ ఆరు ఆదివారములు శ్రమింపక మానివేసియున్నచో, పులుపని చెప్పుటకైనను వానికి పోల్చిచూచు పప్పు ఒకటి యుండెడిది గాదు. రుచి మారినను వంశమున ఆ వంట నిలిచినది. పెద్దలు కోరదగినది ఇంతకంటె ఎక్కువ యుండవచ్చును గాని, ఇది తక్కువ గాదు.

‘మంచిది’ అను మాటకు ఇంకొక ముఖము కలదు. డబ్బా నాలుకకు మంచిదైనంత మాత్రమున మంచిదగునా? దక్షిణ ఇటలీలోని పూలియా ప్రాంతమున, ఫోజా నగరము చుట్టుపట్ల విస్తారముగ టమాటా పండించుదురు. యంత్రములు వచ్చినను చేతికోత పోలేదు. ఆ కోతకు వచ్చు కూలీలలో అనేకులు ఆఫ్రికానుండియు, తూర్పు ఐరోపానుండియు వలసవచ్చిన పేదలు. వారికి పని యిప్పించి కూలిలో వాటా గుంజుకొను మేస్త్రీల దురాచారమును అణచుటకై ఇటలీ ప్రభుత్వము 2016లో 199వ సంఖ్యగల చట్టము చేసినది. అటుపిమ్మటను, 2018 ఆగస్టు 4, 6 తేదీలలో ఫోజా సమీపమున పొలముపని ముగించి తిరిగివచ్చు కూలీలను క్రిక్కిఱిసి ఎక్కించిన బండ్లు రెండు ప్రమాదములకు గురికాగా 16 మంది వలస కూలీలు మరణించిరి. తన యిల్లు విడిచినవాడొకడు కోసిన పండును, తన యిల్లు విడిచినవాడింకొకడు తన యింటి రుచికై వెదకి కొనుచున్నాడు! రంగూను రేవులలో బరువులు మోసినవారికిని, షోలాపురపు మిల్లులలో నేసినవారికిని వారసులమైన మనము ఈ సంగతి వినియు విననట్లుండుట తగదు.

ఒక గృహిణి ఏమి చేయగలదని యడుగవచ్చును. డబ్బాపై పండు ఏ దేశమునదో యుండును గాని, కోసిన చేయి ఎవరిదో వ్రాసియుండదు. ధర హెచ్చైనంత మాత్రమున కూలి హెచ్చుగ నిచ్చిరని నమ్మరాదు. అయినను ఇంగ్లండులో ఆధునిక దాస్యమునకు సంబంధించిన 2015 నాటి చట్టము ప్రకారము పెద్ద సంస్థలు తమ సరకు వచ్చు త్రోవలో నిర్బంధపు చాకిరి లేకుండుటకై తీసికొన్న చర్యలను ఏటేట ప్రకటింపవలసియున్నది. ఆ ప్రకటనలు ఎవరైనను చదువవచ్చును. అంగడివానిని అడుగవచ్చును. ఒక్కరి ప్రశ్నకు విలువ లేదనుకొందము. ప్రశ్న వచ్చిన చోట దస్త్రమున ఉత్తరము తయారు కావలసివచ్చునని గుమాస్తాపని చేసినవారందఱికిని తెలియును. రుచిని వెదకుటకు ఆరు వారములు వెచ్చించినవారు న్యాయమును వెదకుటకు ఒక పూట వెచ్చింపలేరా?

కావున పిల్లలను దూరదేశములకు పంపిన తల్లిదండ్రులకు నేను మనవి చేయునది యిది. పొట్లములు పంపుడు, తప్పులేదు. కాని పొట్లముతో బాటు పాళ్లు వ్రాసి పంపుడు. పాళ్లు తెలిసినవాడు ఏ దేశపు టమాటానైనను తన పప్పులోనికి ఒప్పింపగలడు. టెలిఫోనులో మాటాడునప్పుడు “అక్కడ మనవి దొరకుచున్నవా?” యని మాత్రమే యడుగక, “అక్కడ మంచివి ఏమి కనుగొంటివి?” అని యడుగుడు. మొదటి ప్రశ్న వారికి లేనిదానిని జ్ఞాపకము చేయును. రెండవది ఉన్నదానిని చూచుటకు కన్నులు తెఱపించును. మంచిది యనగా మనదానివలె నుండునది గాదు. తన గుణమున తాను నిలిచి, మన పాళ్లకు లొంగి, పండించినవానికి అన్యాయము చేయక మన విస్తరిలోనికి వచ్చునది. అట్టిది ఏ దేశమునదైనను, రేకుడబ్బాలో వచ్చినను, చేతులు చాచి స్వీకరించుట మన సంప్రదాయమునకు లోటు గాదు.